కంపైలరు కోసం కుటుంబ ప్రార్థన

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి అందరం చర్చి వాకిట్లో చెప్పులు వెతుక్కుంటుంటే, మా తమ్ముడి కూతురు కీర్తన అంతమందిలో గొంతెత్తి అడిగింది. "అత్తా, ప్రాసెసర్ కోడ్ టెస్ట్ చేసుకోడానికి ఫ్రీ కంపైలర్లు ఏమున్నాయి? డబ్బులు పెట్టి కొనే సీన్ లేదు మాకు!" ఆ పిల్ల విజయవాడలోనే ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతోంది. నా ఉద్యోగమంతా చిన్న చిన్న చిప్పులకు ప్రోగ్రాములు రాయడంతోనే గడిచింది కాబట్టి నన్నడగడం సబబే. కానీ నాకు చెవులు వేడెక్కాయి. చటుక్కున దాని చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, "ఇంటికెళ్ళాక చెప్తాలే" అన్నాను. అది నన్ను వింతగా చూసి, "ఏంటత్తా, నేనేదో బూతుమాట అన్నట్టు!" అని నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ మా వైపు చూడనే లేదు. ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు, ఇద్దరాడవాళ్ళు మంగళగిరి చీరల ధర గురించి వాదించుకుంటున్నారు. జుట్టు నెరిసింది, మోకాళ్ళు నెప్పి పుడుతున్నాయి, అయినా పదిమందిలో 'ఫ్రీ' అన్న మాట వినపడితే నా తల దానంతటదే కిందికి వంగుతుంది. అది ఎక్కడ వంగడం నేర్చుకుందో నాకు బాగా తెలుసు.

మా నాన్నగారు ఉయ్యూరుకి కాస్త ఎడంగా, చెరుకు తోటల మధ్య ఉన్న ఒక పల్లెలో పాస్టరు. చర్చిని ఆనుకునే మా ఇల్లు. మధ్యలో ఒక పిట్టగోడ, దాని మీద ఎప్పుడూ ఎవరిదో ఒకరి దుప్పటి ఆరుతూ ఉండేది. చెరుకు ఆడే క్రషింగ్ రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి తిరిగితే ఇల్లంతా మాడిన బెల్లం వాసన. మా అమ్మ ఆ వాసనకు తలనొప్పి వస్తుందని నుదుటికి తడిగుడ్డ చుట్టుకుని వంట చేసేది. నాన్నగారికి రెండు జతల తెల్లబట్టలు ఉండేవి. శనివారం సాయంత్రం బొగ్గుల ఇస్త్రీపెట్టె ముందు కూర్చుని తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవారు, ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. కాలరు దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టి, అది అయ్యాక "స్తోత్రం" అని పెద్దగా ఊపిరి వదిలేవారు. పెద్ద కష్టం గట్టెక్కినట్టు ఉండేది ఆ మాట.

మా సంఘంలో గుప్పెడు బియ్యం అని ఒక ఆచారం. ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. ఇంటి ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసేముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది. వారమంతా అలా పోగైన బియ్యాన్ని ఆదివారం కొంగులో మూటగట్టుకునో, గుడ్డసంచిలోనో తెచ్చి చర్చిలో బల్ల ముందు పెట్టిన గంపలో పోస్తుంది. ఆరాధన అయ్యాక ఆ గంప మా వంటింట్లోకి వచ్చేది. మేం తిన్నదంతా ఆ బియ్యమే. ఒకరిది చౌకడిపో బియ్యం, ఒకరిది కోత కూలికి వచ్చిన కొత్త బియ్యం, మరొకరింట్లోవి ఏడాది మాగిన సన్నాలు. మా అమ్మ చేటలో పోసుకుని రాళ్ళు ఏరగలిగేది గానీ, ఏ గింజ ఏ ఇంటిదో ఎలా విడదీస్తుంది? కొత్త బియ్యం మెత్తబడి ముద్దయ్యేసరికి లావు బియ్యం ఇంకా పలుకుగానే ఉండేది. ఒకే ముద్దలో జావా, పచ్చిగింజా రెండూ తగిలేవి. గంపలో తలపెడితే ఒక పక్క కిరసనాయిలు వాసన, ఒక పక్క పసుపు వాసన, మార్తమ్మగారి కొంగు మూటలోంచి వచ్చిన చోట పొగాకు వాసన.

మార్తమ్మగారు మా సంఘంలో అందరికంటే పేద మనిషి. చెరుకు నరకడానికి కూలికి వెళ్ళేది, భర్త పోయాడు, కూతురు నా క్లాసులో ఉండేది. ఒకరోజు బళ్ళో ఆ పిల్ల నా అన్నం డబ్బాలోకి తొంగిచూసి, "ఇవిగో, ఈ ఎర్రగింజలు మా ఇంటివే!" అంది. ఎగతాళి చెయ్యలేదు, మురిసిపోతూ చెప్పింది. తెలిసిన మనిషి ఊరుగాని ఊళ్ళో కనపడ్డప్పుడు ఎలా సంతోషపడతామో అలా. ఆ మధ్యాహ్నం డబ్బా సగంలోనే మూసేశాను. అప్పటినుంచి నాకు ఒకటే కోరిక ఉండేది. చాలామంది ఆడపిల్లలు గొలుసుల గురించీ పట్టుపరికిణీల గురించీ కలలు కనే వయసులో, నేను ఒకే రకం బియ్యం నిండిన బస్తా గురించి కలలు కన్నాను. డబ్బులిచ్చి కొన్న బస్తా, దుకాణం వాడు రిక్షాలో వేసి పంపిన బస్తా మా వంటింట్లో ఉండాలి, ఆ గంప మా గడప దాటి లోపలికి రాకూడదు. నేను చదివిన ఇంజనీరింగంతా దానికోసమే చదివాను.

చదువయ్యాక నాకు విజయవాడ ఆటోనగర్లో ఒక రేకుల షెడ్డులో పని దొరికింది. యజమాని రాంబాబు గారు బోరు మోటార్లకు స్టార్టర్లు తయారుచేసేవారు. రోజూ మా ఊరి నుంచి బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. ఆయన కొత్తగా ఒక డబ్బా చెయ్యాలనుకున్నారు. పొలంలో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులవి. కరెంటు రాగానే మూడు ఫేజులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని మోటారును అదే ఆన్ చెయ్యాలి. బోరులో నీరు తగ్గితే మోటారు కాలిపోకుండా అదే ఆపాలి. ఆ డబ్బాలో ఒక చిప్పు ఉంటుంది, ఆ చిప్పుకి ప్రోగ్రాం రాయాల్సింది నేను. మనం రాసిన ప్రోగ్రాం చిప్పుకి నేరుగా అర్థం కాదు. దాన్ని చిప్పు భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి, అదే కంపైలరు. చిప్పు అమ్మే కంపెనీ వాళ్ళు ఇచ్చిన నమూనా కంపైలరు ఒకటి మా దగ్గరుంది గానీ, ప్రోగ్రాం కాస్త పెద్దది కాగానే అది మొండికేసి, ఇక్కడితో సరి, ఇక కొనుక్కో అనేది. కొందామంటే దాని ధర మా షెడ్డులో ఉన్న లేతు మిషను కంటే ఎక్కువ.

రాంబాబు గారు చెడ్డమనిషి కాదు. సగం కాలిన సిగరెట్టును చెవి మీద పెట్టుకుని మర్చిపోయి ఇంకోటి వెలిగించే మనిషి. ఆయన నాతో చెప్పింది మాత్రం సూటిగా చెప్పారు. "చూడమ్మా ఎస్తేరూ, కొనడం మనవల్ల కాదు. ఎక్కడన్నా ఫ్రీగా దొరుకుద్దేమో వెతుకు. నెలాఖరుకి డబ్బా ఆడితే నిన్ను పర్మనెంట్ చేస్తా. ఆడకపోతే పాత మోడలే వేసుకుందాం. దానికి మళ్ళీ ప్రోగ్రాం రాసేవాళ్ళతో పనుండదు, ఏమనుకోమాక." నేను తలూపాను. పర్మనెంట్ అంటే బస్తా. ఆడకపోతే గంప. నాకు అంతకంటే వేరే లెక్క లేదు.

మా ఇంట్లో రోజూ దీపాలు పెట్టే వేళకు కుటుంబ ప్రార్థన జరిగేది. చాప మీద అందరం చుట్టూ కూర్చోవాలి, ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశం చెప్పాలి. తమ్ముడు ఎప్పుడూ లెక్కల పరీక్ష అనేవాడు, పరీక్షలు లేని వేసవిలో కూడా. అమ్మ తన తలనొప్పి సంగతి తప్ప లోకంలో అందరి సంగతీ చెప్పేది. నా వంతు వచ్చింది. ఏమీ లేదంటే నాన్నగారు ఊరుకోరు. "నాకు ఒక కంపైలరు దొరకాలి, డబ్బులు లేకుండా" అన్నాను. నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, "అదేంటో వివరంగా చెప్పు తల్లీ. ఆయనకి తెలుసనుకో, అడిగేవాణ్ణి నాకు తెలియాలి కదా" అన్నారు. నేను విసుక్కుంటూనే చెప్పాను. "దొరగారు ఇంగ్లీషులో ప్రసంగం చేస్తుంటే పక్కన నిలబడి తెలుగులో చెప్పేవారు ఉంటారు కదా నాన్నగారూ. అలాంటిది. నేను చెప్పింది మిషనుకి దాని భాషలో చెప్పాలి." ఆయన ముఖం వెలిగింది. తన జీవితంలో ఎక్కువ భాగం అలా ఎవరో ఒకరి పక్కన నిలబడి చెప్పినవారే. "ఆహా! తర్జుమా చేసేవాళ్ళు సరిగ్గా దొరకడం చాలా కష్టం" అని, ఎంతో శ్రద్ధగా, నా కంపైలరు కోసం ప్రార్థన చేశారు. అది అక్కడితో ఆగితే బాగుండును.

ఆదివారం వచ్చింది. మార్తమ్మగారి నడుంనెప్పికీ, ఎవరిదో దుబాయి వీసాకీ మధ్యలో, నాన్నగారు నిండుసభలో, "మన ఎస్తేరుకి ఉచితంగా ఒక కంపైలరు దొరకాలని సంఘమంతా ప్రార్థించాలి" అన్నారు. నేను పాటల పుస్తకంలో ముఖం దాచుకున్నాను. అయ్యగారి కుటుంబం బియ్యం ఊరికే తింటోంది, కూరగాయలు ఊరికే తింటోంది, క్రిస్మస్‌కి బట్టలు ఊరికే తొడుక్కుంటోంది. ఇప్పుడు చదువుకున్న కూతురు కూడా ఏదో ఊరికే కావాలంటోంది. ఎవరూ అలా అనలేదు. నా చెవుల్లో మాత్రం అందరూ అలాగే అన్నారు. ఆ తర్వాత నేను బస్సు కోసం నడిచి వెళుతుంటే ప్రతి గుమ్మంలోంచీ ఒకటే పలకరింపు. "వందనాలు పాపగారూ, అది దొరికిందాండీ?" మార్తమ్మగారైతే శుక్రవారం ఉపవాసం కూడా ఉంది. చెరుకు నరికే మనిషి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, నా కంపైలరు కోసం. ఆ సంగతి అమ్మ చెప్పినప్పుడు నేల చీలితే అందులోకి వెళ్ళిపోదామనిపించింది.

సాయంత్రాలు షెడ్డు నుంచి గవర్నర్‌పేటలో ఒక నెట్ సెంటరుకు వెళ్ళేదాన్ని. చెక్కతో గదులు గదులుగా కట్టిన ఇరుకు మేడ, పాత ఏసీ, తడి కార్పెట్టు వాసన. పక్క గదిలో ఎవరో పిల్లలు వీసా ఫారాలు నింపుకుంటూ ఉండేవారు. అక్కడ వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. నా చిప్పుకి సరిపోయే కంపైలరు, దాంతోపాటు చిప్పు చేతిలో లేకపోయినా కంప్యూటరులోనే ప్రోగ్రామును నడిపించి పరీక్షించే ఇంకో సాధనం. రెండూ పూర్తిగా ఉచితం. నాకు నమ్మకం కలగలేదు. కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో షరతు ఉంటుందని పేజీ అడుగు దాకా చదివాను. షరతు ఉంది. మీరు బాగుచేస్తే ఆ బాగుచేసింది మిగతావాళ్ళకు కూడా ఇవ్వండి అని, అంతే. ఎవరు రాశారా అని చూస్తే ఒక పేరు కాదు. నోరు తిరగని పేర్లు, నేనెప్పుడూ వినని ఊళ్ళు. ఒకరు ఒక ముక్క, ఇంకొకరు ఒక ముక్క, పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా కాస్త కాస్త రాసి కలిపారు. ఆ కలిపిన తీరు కూడా ఒక్కలా లేదు. ఒకచోట నీటుగా ఉంటే ఒకచోట గరుకుగా ఉంది.

అది చదువుతుంటే నాకు మా గంప గుర్తొచ్చింది. వద్దనుకున్నా వచ్చింది. కావలసింది దొరికినందుకు ఎగిరి గంతెయ్యాలి కదా, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి సంతోషంతో కాదు. పుస్తకాలు మోసి, ఫీజులు కట్టించి, బస్సులెక్కి, ఊరు దాటి ఇంత దూరం వచ్చాను. ఇక్కడ కూడా నా పాత్రలోకి వచ్చింది గుప్పెడు బియ్యమే. ఎవరెవరి ఇళ్ళలోంచో తీసిపెట్టిన గుప్పెళ్ళు. డౌన్‌లోడు సగంలో ఆగిపోయేది. నెట్ సెంటరు యజమాని, "రేపు రండి మేడమ్, పొద్దున లైను ఖాళీగా ఉంటది, నేను ఎక్కించి పెడతా" అని సీడీ చేసి ఇచ్చాడు. దానికి కూడా డబ్బులు తీసుకోలేదు. లోకమంతా కూడబలుక్కుని నాకు ఊరికే ఇవ్వడానికి పూనుకున్నట్టుంది.

ఆ కంపైలరుతో నా ప్రోగ్రాం మొత్తం ఒక్క మాట పేచీ లేకుండా చిప్పులోకి దిగింది. పరీక్ష సాధనంలో కరెంటు పోయినట్టు, ఒక ఫేజు లేనట్టు, బోరు ఎండినట్టు, అన్ని రకాలుగా చేసి చూశాను. ఒకచోట చిక్కుకుంటే, ఆ రాసినవాళ్ళ గుంపుకే ఈమెయిల్లో ఉత్తరం పెట్టాను. నాన్నగారు మిషనరీ సంస్థ వాళ్ళకు రాసే ఉత్తరాల్లాగానే రాశాను, ఘనత వహించిన అయ్యలారా అని మొదలుపెట్టి, మీ అమూల్యమైన కాలాన్ని వృథా చేస్తున్నందుకు క్షమించమని. ఎవరో ఒక మనిషి రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. పొరపాటు ఎక్కడుందో చెప్పి, క్షమాపణలు అవసరం లేదని. ఆ రెండో ముక్క నాకు చెంపదెబ్బలా తగిలింది. అంత వంగి అడిగానని అతనికి కూడా తెలిసిపోయింది కదా అనిపించింది.

ఇంటికెళ్ళి దొరికిందని చెబితే అమ్మ పొయ్యి మీది కూర దించి మరీ స్తోత్రం చేసింది. నాన్నగారు మాత్రం ఆరా తీశారు. "ఎవరమ్మా వాళ్ళు?" తెలీదన్నాను. "నువ్వెవరో వాళ్ళకి తెలుసా?" తెలీదన్నాను. "మరి ఏం ఆశించి ఇచ్చారంటావు?" ఏమీ లేదట నాన్నగారూ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి ఉత్తరీయం అంచుతో తుడుచుకుని, "మార్తమ్మ లాంటివాళ్ళు అక్కడా ఉన్నారన్నమాట" అన్నారు. ఆయన గొంతులో గౌరవం ఉంది. నాకు మాత్రం మార్తమ్మగారి పేరు వినగానే ఎర్రగింజలు గుర్తొచ్చాయి.

డబ్బాను మొదటిసారి పెట్టి చూసింది మా ఊరి పక్కనే, సాంబశివరావు గారి చెరుకు తోటలో. ఆయన పెద్ద రైతు, నెమ్మదస్తుడు, ఆయన చుట్టాల తోటల్లో బోర్లు చాలా ఉన్నాయి. ఇక్కడ ఆడితే అన్నిటికీ ఇవే పెట్టిస్తారని రాంబాబు గారి ఆశ. ఆ ఉదయం ఆయన కొత్త చొక్కా వేసుకుని, స్కూటరు మీద డబ్బాను పసిపిల్లలా ముందు పెట్టుకుని వచ్చారు. వైర్లు కలుపుతూ రాంబాబు గారు చెబుతున్న మాటలు నా చెవిన పడ్డాయి. "ఫారిన్ సాఫ్ట్‌వేరండి ఇది. దాని లైసెన్సుకే మాకు తడిసి మోపెడైంది. అందుకే రేటు కాస్త ఎక్కువనిపిస్తదండి." రైతులు మెచ్చుకోలుగా తలలూపారు. వ్యాపారంలో ఇలాంటివి మామూలే కాబోలు అనుకున్నాను. అప్పుడే గట్టు మీద నాన్నగారి సైకిలు కనిపించింది. కూతురు చేసిన పని చూద్దామని ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చారు. ఆయన ఆ మాటలు వినలేదు. ఆయనకు చెప్పే వీలు నాకు దొరకలేదు, అందరూ బోరు చుట్టూ మూగారు.

సాంబశివరావు గారు కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, డబ్బాకి బొట్టు పెట్టారు. తర్వాత మా నాన్నగారిని చూసి, మా వైపు మర్యాద ఎలా ఉంటుందో అలాగే, "అయ్యగారు కూడా వచ్చారుగా. అమ్మాయి చేసిన పని, మీరూ ఓ ప్రార్థన చెయ్యండి" అన్నారు. నాన్నగారు రాంబాబు గారి వైపు తిరిగి, "ప్రార్థన చేసుకుందామా అండీ?" అని అడిగారు. "తప్పకుండా అండీ, కానివ్వండి" అని రాంబాబు గారు చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నారు. రైతులూ, కూలీలూ అందరూ మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. చెరుకాకుల గలగల తప్ప ఏ చప్పుడూ లేదు. నాన్నగారు నీళ్ళ కోసం ప్రార్థించారు, పంట కోసం ప్రార్థించారు, రాంబాబు గారి వ్యాపారం వర్ధిల్లాలని ప్రార్థించారు. ఆ తర్వాత గొంతు ఇంకాస్త పెంచి, "తండ్రీ, ఈ పనికి కావలసిన కంపైలరును ఒక్క పైసా తీసుకోకుండా, ఏమీ ఆశించకుండా, ఉచితంగా ఇచ్చిన ఆ ఊరూ పేరూ తెలియని బిడ్డలను, వారి కుటుంబాలను దీవించండి. కొనే శక్తి లేని మాకు వారి ద్వారా ఊరికే అనుగ్రహించినందుకు స్తోత్రం" అన్నారు.

నేను కళ్ళు తెరవలేదు. తెరిస్తే రాంబాబు గారి ముఖం చూడాలి. ఆమెన్ అన్నది మా నాన్నగారొక్కరే. మెయిన్ స్విచ్చు వేశారు, డబ్బా ఫేజులు చూసుకుని క్షణం ఆగి, తనంతట తనే టక్కున స్టార్టరును లాగింది, బోరులోంచి నీళ్ళు ఎగజిమ్మాయి. అన్నీ నేను రాసినట్టే జరిగాయి. ఎవరూ నీళ్ళ వైపు చూడలేదు. సాంబశివరావు గారు మీసాల్లో నవ్వుకుంటూ, "ఏమయ్యా రాంబాబూ, ఫారినోళ్ళు నీకూ ఊరికే ఇచ్చారన్నమాట! మాకు మాత్రం లైసెన్సు కట్టాలా?" అన్నారు. అందరూ గొల్లుమన్నారు. రాంబాబు గారు కూడా నవ్వబోయారు, నవ్వు రాలేదు. ఆయన మిగతా బోర్ల సంగతి ఎత్తితే, సాంబశివరావు గారు "చూద్దాంలే, తొందరేముంది" అన్నారు. చూద్దాంలే అంటే మా వైపు అర్థం ఏమిటో అందరికీ తెలుసు. నాన్నగారికి మాత్రం ఏం జరిగిందో అర్థం కాలేదు. అందరినీ చూసి ఆయన కూడా నవ్వారు. నాకు ఆ రోజంతట్లో అన్నిటికంటే కష్టంగా అనిపించింది ఆ నవ్వు.

మర్నాడు షెడ్డులో రాంబాబు గారు నా ముఖం చూడకుండా మాట్లాడారు. "నీ పనిలో వంక లేదమ్మా. డబ్బా బ్రహ్మాండంగా ఆడింది. కానీ ఆ చుట్టుపక్కల ఇంక నేను మొహం చూపించలేను. ఆ మోడలే వద్దనుకుంటున్నా. నువ్వు ఇంకెక్కడన్నా చూసుకో." ఆ సాయంత్రం ప్రార్థనలో నా వంతు వచ్చినప్పుడు ఉద్యోగం పోయిందని చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. నాన్నగారు ఆ పూట ప్రార్థన పూర్తి చెయ్యలేకపోయారు. మొదలుపెట్టి, ఆగి, "నువ్వు చెయ్యి" అని అమ్మకు అప్పగించారు. నాకు తెలిసి అలా జరగడం అదే మొదలు. పొద్దున్నే ఇస్త్రీపెట్టె ముందు కూర్చున్నారు, అది శనివారం కాదు. "నేనూ షెడ్డుకి వస్తాను, పద" అన్నారు. వద్దన్నాను, బతిమాలాను, చివరికి ఏడ్చాను. ఆయన సైకిలు క్లిప్పులు తీసి గూట్లో పెట్టి, నా వెనకే బస్సెక్కారు.

షెడ్డు గుమ్మం దగ్గర నాన్నగారు చెప్పులు విడిచారు. లేతు మిషను చుట్టూ నేలంతా ఇనప రజను, చుట్టలు చుట్టుకున్న తుక్కు. దాని మీద వట్టి కాళ్ళతో నడిచి లోపలికి వెళ్ళారు. పనివాళ్ళు మిషన్లు ఆపేసి చూస్తున్నారు. రాంబాబు గారు కంగారుగా లేచి, "అయ్యో అయ్యగారూ, చెప్పులేసుకోండి, గుచ్చుకుంటాయండి!" అన్నారు. నాన్నగారు ఆయన ముందు చేతులు జోడించారు. "బాబూ, నన్ను క్షమించాలి. పదిమందిలో మీకు తలవంపులు తెచ్చాను" అన్నారు. మా అమ్మాయికి ఉద్యోగం ఇవ్వమని అడగలేదు. నా పేరే ఎత్తలేదు. అంత పెద్ద మనిషి, ఆ తెల్లబట్టల్లో, గ్రీజు మరకల మధ్య అలా నిలబడితే నేను ఎటు చూడాలో తెలియక గోడకు వేలాడుతున్న స్పానర్ల వైపు చూశాను. నాకు సిగ్గుతో ఒళ్ళంతా కుంచించుకుపోయింది. రాంబాబు గారు ఆయన చేతులు పట్టుకుని కిందికి దించారు. ఆయన ముఖం ఎర్రబడింది. "మీరు అలా అనకండి. అబద్ధమాడింది నేను కదండీ. మీరొచ్చి ఇలా చేస్తే నేనేమైపోవాలి" అన్నారు. చెవి మీది సిగరెట్టు తీసి, వెలిగించకుండా నలిపి, "అమ్మాయిని రేపట్నించి రమ్మనండి" అన్నారు, నేల చూస్తూ.

అలా నాకు ఉద్యోగం నిలిచింది. తర్వాత కొన్నాళ్ళకు సాంబశివరావు గారే కబురు పెట్టి, మిగతా బోర్లకూ అవే పెట్టించుకున్నారు. ఒకే రకం బియ్యం బస్తా కూడా మా వంటింట్లోకి వచ్చింది. అమ్మ దాన్ని వండింది, అన్నం మల్లెపూలలా విచ్చుకుంది. గంప మాత్రం రావడం మానలేదు. వాళ్ళు తెచ్చేది తీసుకోకుండా తిప్పి పంపడం మా నాన్నగారి చేత కాలేదు, నేను దాని గురించి ఆయనతో పోట్లాడలేకపోయాను. ఎందుకంటే ఆ ఉద్యోగం కూడా నా పనికి దొరికిందని నాకు ఎప్పుడూ అనిపించలేదు. మా నాన్నగారు వంగితే రాలినట్టే అనిపించింది. ఆ తర్వాత ఎన్ని కంపెనీలు మారినా, ఎంత జీతం తెచ్చుకున్నా ఆ భావం వదల్లేదు. ఇప్పుడు కాలం మారింది. అప్పుడు మేం నోరు మూసుకుని వాడినవాటిని ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలే వాడుతున్నామని గొప్పగా చెప్పుకుంటున్నాయి. పిల్లలు ఊరికే తీసుకుంటారు, తాము రాసింది ఊరికే పెడతారు, అందులో ఎవరికీ ఎక్కువా తక్కువా ఉన్నట్టు కనిపించదు. చూస్తే అసూయగా ఉంటుంది. నాకు తీసుకోవడం రాలేదు, అందుకే ఇవ్వడం కూడా సరిగ్గా రాలేదు. ఎవరికైనా ఏదైనా ఇచ్చినప్పుడల్లా వాళ్ళ తల వంగుతుందేమోనని ముందే చూసుకునేదాన్ని.

ఆ రోజు షెడ్డు నుంచి తిరిగి వస్తూ బస్సులో నేను ఆయనతో మాట్లాడలేదు. పెనమలూరు దాటాక ఆయన కాలు పైకి పెట్టుకుని, మడమలో దిగిన ఇనప ముక్కను గోటితో తీసుకుంటుంటే చూసి ఉండబట్టలేకపోయాను. "ఎందుకు నాన్నగారూ? మీరు అబద్ధం ఆడలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఉన్నది ఉన్నట్టు దేవుడికి చెప్పారు. అబద్ధమాడినాయన కాళ్ళ దగ్గర మీరెందుకు చెప్పులు విప్పాలి? నా ఉద్యోగం కోసమైతే నాకా ఉద్యోగం అక్కర్లేదు" అన్నాను. గొంతు పెరిగింది, ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

ఆయన ఆ ముక్కను వేళ్ళ మధ్య పెట్టుకుని కాసేపు చూశారు. "నీ ఉద్యోగం కోసం కాదమ్మా" అన్నారు. "నేను ప్రార్థన చేసుకుందామా అని అడిగితే ఆయన కళ్ళు మూసుకున్నాడు. తన దేవుడు కాకపోయినా, నా మాట మీద మూసుకున్నాడు. తీరా తెరిచేసరికి నలుగురిలో తల ఎత్తుకోలేకుండా చేశాను. ఇంకెప్పుడన్నా, ఇంకెవరి ముందన్నా, ఆ మనిషి మళ్ళీ కళ్ళు మూసుకోగలడా?"

ఉయ్యూరు వచ్చేదాకా నేను ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.